ఎవరు రాలేదో చెప్పే టీచరు

“పాఠం నాది సార్. రాళ్ళు మా పిల్లోళ్ళు తెచ్చినవి. సంచి మా అమ్మ కుట్టింది. పేరు మాత్రం శశికళ టీచర్‌దా?”

“గట్టిగా మాట్లాడొద్దమ్మా, బయట వింటారు.”

“విననీండి. వింటే నాకేం నష్టం లేదు.”

బయట వింటున్నవాడు ఒక్కడే. అతని పేరు తిరుమలేశ్. హెడ్మాస్టరు గది కిటికీ కింద, టీచర్లు బండ్లు నిలుపుకునే రేకుల నీడలో, తన బండి మీద అడ్డంగా కూర్చుని ఉన్నాడు. తమ ఊరు ఇండూరు పోయే టౌన్ బస్సు ఆ సాయంత్రం రాదని తెలిసి అక్కను ఎక్కించుకుపోదామని వచ్చాడు. లోపల గొంతు లేపింది అక్క తనుజేనని నమ్మడానికి అతనికి కాస్త సమయం పట్టింది. ఇంట్లో గొంతు లేపే పని ఎప్పుడూ అతనిదే.

“జాబితా నేను రాసింది కాదు,” అన్నాడు హెడ్మాస్టరు నరసింహన్. “పైనుంచి వచ్చింది. పోయిన నెల ఆఫీసరు వచ్చినప్పుడు నిన్ను ఏం అడిగినాడు? క్లాసులో పిల్లోళ్ళు ఎంతమంది అని. నువ్వేం చెప్పినావు?”

“కనిమొళి రాలేదు అన్నాను.”

“అదీ సంగతి. ఎంతమంది అంటే కనిమొళి రాలేదని చెప్తే ఆ మనిషి ఏమనుకుంటాడు? తన క్లాసు బలం తనకే తెలీని టీచరు అని రిపోర్టులో రాసి పోయినాడు. రిపోర్టు అట్ల ఉంటే నిన్ను ట్రైనింగుకు ఎవరు పిలుస్తారు?”

“ఆ పొద్దు కనిమొళి ఒకతే రాలేదు సార్. నేను చెప్పింది నిజం.”

“నిజం కాదని ఎవరన్నారు? నంబరు అడిగితే నంబరు చెప్పాల.”

కుర్చీ జరిగిన చప్పుడు. తనుజ బయటికి వచ్చింది. తమ్ముణ్ణి చూసి ఆగలేదు, నేరుగా వచ్చి బండెక్కి “పోనీ” అంది.

ఊరు తమిళనాడులోని ధర్మపురి, బడిలో మాటలన్నీ తమిళమే. బండి ధర్మపురి బస్టాండు దాటి, కూరగాయల బండ్ల మధ్య నుంచి బయటపడి ఇండూరు దారి పట్టాకే ఆమెకు తెలుగు వచ్చింది. వాళ్ళింట్లో తెలుగు నోటితో మాట్లాడేదే. రాయడం ఎవరికీ రాదు, చదవడం అంతకంటే రాదు.

“అంతా విన్నావా?”

“వినక చెవులు మూసుకోమంటావా? మానేయక్కా ఆ పని. నాలుగేండ్లు చాకిరీ చేసినావు. వాళ్ళకు నీ రాళ్ళు కావాల, నువ్వు అక్కర్లేదు.”

“నువ్వు మానేసినావు కదా కాలేజీ. మానేసినాక ఏం సుఖపడినావు?”

తిరుమలేశ్ బండి వేగం పెంచాడు. అతను సేలంలో స్టాటిస్టిక్స్ చదవడానికి పోయి, రెండో ఏడాది సగంలో విసుగెత్తి పెట్టె సర్దుకొచ్చినవాడు. ఇప్పుడు నల్లంపల్లి సంతలో తండ్రితో పాటు గొర్రెల బేరాలు చూస్తున్నాడు. ఏ పనిలోనూ రెండు నెలలకు మించి అతని మనసు నిలవదు. అక్క నాలుగేళ్ళుగా ఒకే గదిలో, ఒకే బల్ల ముందు ఎలా నిలబడుతోందో అతనికి అర్థం కాదు. అర్థం కానిదాని మీద కోపగించుకోవడం అతని అలవాటు.

తనుజకు ముప్పై ఒకటి. టీచరు ట్రైనింగు చదివింది, ఆపైన అర్హత పరీక్షా రాసి పాసైంది. ఉద్యోగం మాత్రం వరసలో ఉండిపోయింది. పట్టణంలో మునిసిపాలిటీ బడికి ఒకటో తరగతి చెప్పే మనిషి లేక, బడి కమిటీ వాళ్ళు ఆమెను తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఏప్రిల్ వస్తే పని అయిపోతుంది. జూన్ వస్తే మళ్ళీ పోయి అడగాలి. పెళ్ళి మాట ఎత్తితే “జూన్ కానీండి” అంటుంది. జూన్ ఏడాదికొకసారి వచ్చి పోతూనే ఉంది.

పర్మనెంటు టీచర్లు చిన్న తరగతులు కోరుకోరు. అక్కడ ముక్కులు తుడవాలి, జారే లాగులు ఎగలాగి కట్టాలి, పొద్దున్నే ఏడుస్తూ వచ్చేవాణ్ణి పది దాకా బుజ్జగించాలి. అందుకే ఒకటీ రెండూ కలిపి తనుజకు అప్పజెప్పారు. టీచర్లకు జరిగే మీటింగులు, ట్రైనింగులు, కొత్త పుస్తకాల పరిచయాలు, ఒకరి పాఠం ఒకరు చూసి నేర్చుకునే రోజులు, అన్నీ పర్మనెంటు వాళ్ళకే. వాళ్ళు ట్రైనింగుకు పోయిన రోజున వాళ్ళ తరగతులను కూడా తనుజ గదిలోకే తోలేవాళ్ళు. తిరుమలేశ్ మాటల్లో చెప్పాలంటే, వంట నేర్పేటప్పుడు బయట నిలబెట్టి, అంట్లు తోమేటప్పుడు లోపలికి పిలిచినట్టు.

ఈ ఏడాది ఒక మార్పు వచ్చింది. పట్టణంలోని మునిసిపాలిటీ బడులన్నీ కలిసి ఒక లెక్కల పాఠం ఎంచుకుంటాయి. శనివారం మీటింగులో ఆ పాఠం చెప్పి చూపించిన టీచరును రెండు రోజుల ట్రైనింగుకు పంపుతారు. తిరిగొచ్చి ఆ టీచరే మిగతా బడుల వాళ్ళకు నేర్పాలి. జూన్‌లో తాత్కాలిక టీచర్లను పెట్టుకునేటప్పుడు ఆ ట్రైనింగు అయినవాళ్ళనే ముందు చూడమని కమిటీలకు కాగితం కూడా వచ్చింది. అంటే ఆ జాబితాలో పేరుంటేనే తనుజకు వచ్చే జూన్ ఉంది. లేకపోతే లేదు.

బడులన్నీ ఎంచుకున్న పాఠం తనుజదే. దాని కింద ఉన్న పేరు మాత్రం శశికళది.

శశికళ చెడ్డమనిషి కాదు. పక్క గదిలో మూడో తరగతి చెబుతుంది. నడిమి గోడ పైకప్పు దాకా లేదు కాబట్టి అటు మాట ఇటు, ఇటు మాట అటు వినిపిస్తుంది. తనుజ పిల్లలు చేసే పని చూసి ముచ్చటపడి అడిగింది. తనుజ అంతా చూపించింది. దాన్ని చక్కగా టైపు చేసి పంపబోతే ఫారంలో ఉద్యోగి నంబరు వేయాల్సిన గడి ఒకటి అడ్డుపడింది. తనుజకు ఆ నంబరు లేదు. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. శశికళ తన నంబరు వేసింది. నంబరు వెంట పేరు తనంతట తానే వచ్చి కూర్చుంది. తర్వాత దాన్ని ఎవరూ లేపలేదు.

ఇంతకూ ఆ పాఠం పుట్టింది బడిలో కాదు, ఇండూరులో చిక్కణ్ణ గొర్రెల దొడ్డి దగ్గర.

చిక్కణ్ణ ఈ అక్కాతమ్ముళ్ళ తండ్రి. పొద్దుగూకే వేళ మంద దొడ్డికి చేరేటప్పుడు ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని ఎడమచెయ్యి చాపుతాడు. లోపలికి పోయే ప్రతి గొర్రె వీపూ ఆ అరచేతికి రాసుకుంటూ పోతుంది. ఆయన నోరు విప్పడు. ఒకటి, రెండు అని లెక్క పెట్టాడంటే మంద తరిగిపోతుందని ఆ ఇంట్లో భయం. అంతా లోపలికి పోయాక లేచి, “నల్లచెవిదాని చిన్నబిడ్డ రాలేదు, పోయి చూడు” అంటాడు. ఒకసారి పశువుల గణన అని ఒకతను వచ్చి ఎన్ని ఉన్నాయని అడిగితే, చిక్కణ్ణ “ఉండేటివి ఉండాయి” అని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపేశాడు. తిరుమలేశ్ ఆ పట్టింపును ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. తనుజ చెయ్యలేదు. ఆమెకు నడక వచ్చినప్పటి నుంచి అదే దొడ్డి వాకిట్లో తండ్రి పక్కన కూర్చుంటూ పెరిగింది. ఎన్ని అనే ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ఎవరు రాలేదు అనేదే అడుగుతారు. ఆఫీసరు “బలం ఎంత” అన్నప్పుడు ఆమె కళ్ళు వరసల వెంట ఒకసారి తిరిగి, నోటికి కనిమొళి పేరు వచ్చింది. తప్పు చేశానని ఆమెకు ఆ క్షణంలో తోచను కూడా లేదు.

ఒకటో తరగతికి వచ్చే పిల్లలు వంద దాకా పాటలా పాడేస్తారు. చేతిలో ఏడు చింతగింజలు పెట్టి ఎన్ని అంటే మాత్రం ఇరవై దాకా పాడి ఊపిరి అందక ఆగుతారు. మొదటి ఏడాది తనుజ బెత్తం తప్ప అన్నీ వాడి చూసింది. రెండో ఏడాది అంకెలనే బయటికి పంపేసింది. ప్రతి బిడ్డనూ తన ఇంటి దగ్గరి నుంచి ఒక రాయి తెమ్మంది. ఎర్రది, పలకది, మూల విరిగింది, ఎవరి రాయి వాళ్ళకు గుర్తు. రాళ్ళన్నీ తలుపు పక్కన చెక్క మీద ఉంటాయి. పొద్దున వచ్చిన బిడ్డ తన రాయి తీసి సంచిలో వేసి లోపలికి పోవాలి. అందరూ వచ్చాక చెక్క మీద ఏ రాయి మిగిలిందో అందరూ చూస్తారు. ఇరవై రోజులు ఎవరూ నోట అంకె పలకకూడదు. “వెన్నిల రాలేదు, చంద్రు రాలేదు” అనొచ్చు. రెండు అనకూడదు. అప్పటిదాకా బడిలో పెదవి విప్పని తమిళ్‌సెల్వన్ అనే పిల్లవాడు ఒక పొద్దున చెక్క ముందు నిలబడి, “మిస్, నిన్నటి కంటే నేడు ఎక్కువ మంది ఇంట్లో ఉండిపోయినారు” అన్నాడు. ఆ రోజున తనుజ ఇంటికి వచ్చి ఇద్దరి సంగటి ఒకతే తిన్నది.

ఇరవై రోజులు గడిచాక అంకె తనంతట తాను అడుగు పెట్టింది. కూడికలూ తీసివేతలూ దాని వెంట వచ్చాయి. మిగిలింది అంటే ఏమిటో ఆ పిల్లలకు అప్పటికే తెలుసు.

శనివారం పొద్దున తనుజ ఇస్త్రీ చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

“ఎక్కడికి? పేరు లేదు కదా జాబితాలో,” అన్నాడు తిరుమలేశ్.

“పేరు లేకపోతే కాళ్ళు లేవా? బండి తియ్యి.”

మీటింగు ఇంకో మునిసిపాలిటీ బడి హాలులో. నలభై దాకా టీచర్లు. వాకిట్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నది మాదేశన్. టీచర్లకు ట్రైనింగు ఇచ్చే ఆయన, ఆ మీటింగుకు పెద్ద. వేలు పెట్టి పేర్లు పైనుంచి కిందికి చూశాడు.

“మీ పేరు లేదే టీచర్.”

“లేదని తెలిసే వచ్చినాను సార్. కుర్చీ వద్దు. వెనక నిలబడతాను.”

“టీ లెక్కలో కూడా లేరు మీరు.”

“టీ తాగే వచ్చినాను.”

మాదేశన్ నవ్వాపుకుని పక్కకు తప్పుకున్నాడు. తిరుమలేశ్ వరండాలో కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు నువ్వు అని ఎవరైనా అడిగితే బాగా తిట్టాలని మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు.

ఆ బడిలోని ఒకటో తరగతి పిల్లలను కొందరిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. శశికళ కొత్త సంచి తీసింది. లోపలి నుంచి తెల్లగా, నున్నగా, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రాళ్ళు రాలాయి. చేపల తొట్లు అమ్మే అంగడిలో కొన్నవి. అన్నీ ఒక్క తీరే. తలా ఒకటి పంచి, “ఇప్పుడు లెక్క పెడదామా, ఒకటీ...” అంది.

పిల్లలు అందుకున్నారు. ఆగలేదు. చేతిలో రాళ్ళు ఏమో కొన్నే, పాట ఇరవై దాటి పోయింది. శశికళ రెండు రాళ్ళు కొంగు చాటున దాచి, “ఇప్పుడు ఎన్ని పోయినాయి?” అని అడిగింది. పిల్లలు మళ్ళీ మొదటి నుంచి పాడారు. ఒక అబ్బాయి తన రాయి, పక్కవాడి రాయి ఒకటేలా ఉన్నాయని గొడవ పెట్టుకున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు కుర్చీలో నరసింహన్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

శశికళ పాఠం ఆపేసింది. ఆమె తలెత్తి నలభై మందిని దాటి వెనక గోడ దగ్గర నిలబడిన తనుజ వైపు చూసింది.

మునగనీ, అనుకున్నాడు తిరుమలేశ్. పేరు తీసుకున్నది కదా, సిగ్గు కూడా తీసుకోనీ.

తనుజ మాత్రం అప్పటికే నడుస్తోంది.

“ఆ తెల్లరాళ్ళు తీసేయండి టీచర్,” అంది ముందుకు వచ్చి. తర్వాత పిల్లల వైపు తిరిగి, “అందరూ బయటికి పోయి తలా ఒక రాయి తెచ్చుకోండి. మీ రాయి మీకు మళ్ళీ గుర్తుపట్టేట్టు ఉండాల. పోండి.”

పిల్లలు దుమ్ము లేపుకుంటూ పోయి, దుమ్ముతోనే వచ్చారు. ఒకడు ఇటుక ముక్క తెచ్చాడు. ఒక పాప మంచి రాయి దొరకలేదని జామకాయ తెచ్చింది. తనుజ వద్దనలేదు. అన్నింటినీ గుమ్మం పక్కన బెంచీ మీద పెట్టించింది. అందరినీ మళ్ళీ వరండాలోకి పంపి, ఇద్దరి చెవుల్లో ఏదో చెప్పింది. ఆపైన ఇస్త్రీ చీరతోనే గుమ్మంలో గొంతుక్కూర్చుని, ఎడమచెయ్యి చాపింది.

తిరుమలేశ్ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు. తండ్రి కూర్చునే తీరు అది, మోకాలు కాస్త పక్కకు పెట్టడంతో సహా. నలభై మంది చదువుకున్నవాళ్ళ ముందు, పట్టణం నడుమ, అక్క దొడ్డి వాకిట్లో కూర్చున్నట్టు కూర్చుంది. అతనికి నవ్వూ రాలేదు, ఎగతాళి మాటా తోచలేదు.

పిల్లలు ఒక్కొక్కరే రాయి తీసుకుని, ఆమె అరచేతికి భుజం తగిలించుకుంటూ లోపలికి వచ్చారు. ఎవరూ పాడలేదు. అందరూ వచ్చాక బెంచీ మీద ఇటుక ముక్క, జామకాయ మిగిలాయి.

“చూడండి,” అంది తనుజ. అంతకు మించి ఏమీ అడగలేదు.

పిల్లలు చూశారు. ఎండిపోయిన పెదవులతో ఒక చిన్నది లేచి, “దివ్య రాలేదు. ఆ ఇటుక శీను గాడిది. వాడూ రాలేదు,” అంది. ఇంకొకడు బెంచీ దగ్గరికి పోయి, ఇటుక మీద ఒక వేలు, జామకాయ మీద ఒక వేలు పెట్టి, వాటిని చూస్తూ, పాట లేకుండా, “రెండు” అన్నాడు.

మాదేశన్ రాసుకోవడం ఆపి ఆ వేళ్ళ వంకే చూశాడు.

తనుజ లేచి చీర దులుపుకుంది. “ఈ పాఠం నాది సార్. ఫారంలో పేరు శశికళ టీచర్‌ది ఉంది. నాకు నంబరు లేదని అట్ల పెట్టినారు. మీ పుస్తకంలో నా పేరు రాసుకోండి.”

అందరూ శశికళ వైపు తిరిగారు. ఆమె తెల్లరాళ్ళ సంచి మూతి బిగిస్తూ, “అవును, ఆమెదే,” అంది.

మాదేశన్ అక్కడే రాసుకున్నాడు. కానీ అతని పుస్తకం వేరు, జాబితా వేరు. “జాబితాలో పేరు చేరాలంటే మీ హెడ్మాస్టరు సంతకంతో ఒక లెటరు కావాల టీచర్. సోమవారం పది గంటల లోపల నా చేతికి రావాల. తర్వాత నా వల్ల కాదు.”

నరసింహన్ తనుజను వరండాలోకి, సరిగ్గా తిరుమలేశ్ నిలబడిన చోటికే పిలుచుకొచ్చాడు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది. జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

“చేసేసినావమ్మా. ఇంక అడ్డం ఆఫీసరు రిపోర్టు ఒకటే. దానికి మన్నింపు అడుగుతూ నాలుగు లైన్లు రాయి. ‘ఆ దినం తప్పు జరిగింది, ఇకమీదట క్లాసు బలం సరిగ్గా చెప్తాను, దయచేసి నన్ను చేర్చుకోండి.’ నేను సంతకం పెట్టేస్తాను. పని అయిపోతుంది.”

“తప్పు జరగలేదు సార్.”

“జరగలేదని నాకూ తెలుసమ్మా. రాస్తే ఏం పోతుంది?”

“రాసింది ఫైల్లో ఉండిపోతుంది సార్. రేపు ఇంకో తాత్కాలిక టీచర్ వస్తే, తనుజ కూడా రాసిచ్చింది, నువ్వూ రాసియ్యి అని నా కాగితమే తీసి చూపిస్తారు.”

“అయితే సంతకం పెట్టమని నన్ను అడగొద్దు.”

“అడుగుతాను సార్. సోమవారం పొద్దున తొమ్మిదికి వస్తాను. నేను తెచ్చింది చదివి, అబద్ధం ఉంటే పెట్టొద్దు. లేకపోతే పెట్టండి.”

నరసింహన్ పెన్ను చేతిలో రెండుసార్లు తిప్పి, మూత పెట్టి లోపలికి పోయాడు.

అక్కాతమ్ముళ్ళు బండి దగ్గరికి వచ్చారు. ఎండ మండుతోంది. తిరుమలేశ్ సీటు మీద చేత్తో తట్టి వేడి చూసి, తన తువాలు పరిచాడు. ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాడు. అలవాటు లేని పని కావడంతో నోటికి వేరేది వచ్చింది.

“ఆయన సంతకం పెట్టకపోతే ఏం చేస్తావు?”

“అది సోమవారం సంగతి. ముందు లెటరు కావాల.” ఆమె బండి ఎక్కలేదు. హ్యాండిలు పట్టుకుని అతని ముందు నిలబడింది. “ఆ లెటరు నువ్వు రాయాల తిరుమలా.”

“నేనా? సదువు సగంలో ఇడిసినోణ్ణి. నువ్వు టీచరువి.”

“అందుకే నాకు రాదు. నాలుగేండ్లుగా ప్రతి జూన్‌లో అర్జీ రాసి రాసి నా చెయ్యి వంగిపోయింది. పెన్ను పట్టుకుంటే ముందు దండాలే వస్తాయి. నీకు ఎవరికీ దండం పెట్టి అలవాటు లేదు. సంతలో బేరం మాట్లాడినట్టు రాయి. ఈ పాఠం ఎవరిది, చెప్పింది ఎవరు, జాబితాలో ఎవరి పేరు ఉండాల, అంతే. ఎవర్నీ తిట్టొద్దు. మన్నించండి అని, దయచేసి అని ఒక్క చోట కూడా పడకూడదు. రేపు సాయంత్రానికి రాసియ్యి. నా సంతకం నేను పెట్టి సోమవారం సార్ ముందర పెడతాను.”